తలుపు మీద అక్క చావు కబురు

పోయినవారం మా అక్క జోర్నిత్సాకి మా ముందుగదిలో సోఫా మీద చోటిచ్చాను. రాజధాని సోఫియాలో ఒక పత్రికలో పనిచేసే మనిషి. ఫోన్లో తియ్యగా మాట్లాడి పరదేశపు ముసలివాళ్ళ పొదుపంతా ఊడ్చేసే ముఠాల గురించి రాయడం మొదలుపెట్టినప్పటినుంచి వాళ్ళు ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఎవరూ అడగని పిజ్జాలు గుమ్మం ముందు పేరుకునేవి. ఆమె చెయ్యి కోసుకుందని ఎవరో కబురు చేస్తే అంబులెన్సు వచ్చేది. ఆమె ముఖాన్ని ఇంకెవరి ఒంటికో అతికించి ఇంటర్నెట్ నిండా పంచారు. ఆమె నంబరు పెట్టకూడని చోట పెడితే, ఊరూ పేరూ లేని మగవాళ్ళు ఫోన్లు చేసి రేటు అడిగేవాళ్ళు. చివరికి ఒక చిన్న సంచి సర్దుకుని నది ఒడ్డున ఉన్న రూసేకి, మా ఇంటికి వచ్చేసింది. ఆమె ఇక్కడుందని నాకూ మా ఆయన ప్లామెన్‌కీ తప్ప ఎవరికీ తెలియదనే మా ధీమా. వచ్చినప్పటినుంచి ఒక్క పిజ్జా రాలేదు, ఒక్క ఫోను రాలేదు. నాకు భయమేసింది అందుకే.

ఆ పొద్దున పాపను బండిలో కూర్చోబెట్టి పాలకోసం కిందికి దిగాను. మా బ్లాకు వీధి తలుపు దగ్గర ఎవరో కొవ్వొత్తి వెలిగించి పెట్టారు. తలుపు మీద నల్ల అంచు కాగితం. మా దగ్గర మనిషి పోతే ముందు తెలిసేది వీధి తలుపుకే. ఫోటో, పేరు, వయసు, ఎప్పుడు ఎక్కడ పూడుస్తారో నాలుగు ముక్కలు రాసి అతికిస్తాం. నలభయ్యో రోజున ఇంకోటి, ఏడాదికి ఇంకోటి. రెండో అంతస్తు తాతయ్య ఏడాది కాగితం ఎండకి పాలిపోయి ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన కొత్తది. పాపం ఎవరో అనుకుంటూ బండి ఆపాను.

పాప నాకంటే ముందు చూసింది. చెయ్యి ఊపి, "పెద్దమ్మా" అని పలకరించింది.

జోర్నిత్సా హ్రిస్తోవా దియాకోవా. ముప్ఫై ఏడేళ్ళు. హఠాత్తుగా మమ్మల్ని విడిచి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి శ్మశానం పక్క ప్రార్థనామందిరంలో ఆఖరి చూపు. ఇట్లు, దుఃఖిస్తున్న కుటుంబం.

బండి అక్కడే వదిలేసి మెట్లెక్కబోయాను. మళ్ళీ వెనక్కి వచ్చి పాపను ఎత్తుకున్నాను. అక్క బతికే ఉందని నాకు తెలుసు. గుమ్మం దాటేటప్పుడు స్నానాలగదిలో పళ్ళు తోముకుంటున్న చప్పుడు విన్నాను. అయినా మూడు అంతస్తులూ పరుగెత్తే ఎక్కాను.

నేను చేరేసరికి మా తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కింటి త్సోంకా ముసలమ్మ నల్లగుడ్డ తలకి కట్టుకుని, చేతిలో రెండు తెల్ల పువ్వులతో చెప్పుల బల్లమీద కూలబడి ఉంది. ఎదురుగా అక్క నోట్లో బ్రష్షుతో. నన్ను ఓదార్చడానికి వచ్చిన ముసలమ్మకి చచ్చిన మనిషే తలుపు తీసిందన్నమాట. ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంటోంది, తిడుతోంది, మళ్ళీ శిలువ గుర్తు వేసుకుంటోంది. పోయానని కాగితం వేయించుకుని ఇంట్లో కూర్చోడానికి సిగ్గుండాలట. తన గుండెకి ఏమైనా అయితే ఎవరిది పూచీ అట. కిందింటి వాళ్ళు అప్పుడే పూలదండకి చందాలు కూడా మొదలుపెట్టారట.

అక్క నోరు కడుక్కొచ్చి నవ్వింది. "పువ్వులు ఇటివ్వండి పిన్నీ, నీళ్ళలో పెడతాను."

"ఇవ్వను. రెండు పువ్వులు ఎవరికిస్తారో తెలీదూ?" అంటూ ముసలమ్మ ఒకటి లాగి తన జేబులో కుక్కుకుంది. మిగిలిన ఒక్కదాన్నీ అక్క చేతిలో పెట్టింది. మా దగ్గర సరి పువ్వులు పోయినవాళ్ళకి, బతికున్నవాళ్ళకి బేసి పువ్వులే ఇవ్వాలి. "ఇదుగో. ఇక చావకు. రెండోసారి ఏడవలేను నేను."

ముసలమ్మ వెళ్ళేదాకా అక్క నవ్వుతూనే ఉంది. తలుపు వేశాక ఆ పువ్వును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ తిరిగి, పాలగిన్నెలో పెట్టేసింది. పాలగిన్నెలో పెట్టానని ఆమెకి తెలియలేదు.

నేను ఏమన్నానో చెప్పడానికి నాకే బాగా లేదు. అక్కా నువ్వెళ్ళిపో అన్నాను. ఇంట్లో పసిపిల్ల ఉంది, వాళ్ళు మా తలుపుదాకా వచ్చారు, రేపు గది దాకా వస్తారు, నువ్వు రాసుకోడానికి ఊళ్ళో హోటళ్ళు లేవా అన్నాను. చిన్నప్పుడు నా జడలు వేసిన మనిషిని, నేను బడి మానేసి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో చేరితే నెలనెలా సోఫియానుంచి బస్సులో వచ్చి నన్ను మళ్ళీ బడికి పొమ్మని బతిమాలిన మనిషిని పట్టుకుని అలా అన్నాను. అక్క వాదించలేదు. సాయంత్రానికి వెళ్ళిపోతాను, ముందు పోలీసులకి చెప్పి వస్తాను అంది. కోటు వేసుకుని, తన చావు కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్ళింది.

నేను వేణ్ణీళ్ళ బకెట్టూ, పెనం గీకే గరిటా తీసుకుని కిందికి దిగాను. దారిన పోయేవాళ్ళు చదువుతుంటే చూడలేకపోయాను. పాపను మెట్టుమీద కూర్చోబెట్టి గీకడం మొదలుపెట్టాను. జిగురు బాగా పట్టుకుంది. కింద అక్షరాలు వచ్చేశాయి గానీ ఫోటో దగ్గర కాగితం మొండికేసింది. తడిపాను. తడిపేసరికి నలుపూ తెలుపూ తేటపడ్డాయి.

అక్క స్వెట్టరు మీద మార్తెనిత్సా ఉంది.

మార్చి ఒకటిన ఎర్రదారం తెల్లదారం పేని చేసిన ఆ కుచ్చును గుండెల మీద గుచ్చుకోనివాళ్ళు మా ఊళ్ళో ఎవరూ ఉండరు. కొంగ కనబడేదాకానో పూసిన చెట్టు కనబడేదాకానో తియ్యం. బస్సు డ్రైవరుకి ఉంటుంది, పోలీసుకి ఉంటుంది, కుక్క మెడలో కూడా ఉంటుంది. అందరికీ ఉండే దాన్ని ఎవరు చూస్తారు? ఆ ఫోటోను కత్తిరించినవాడూ చూడలేదు. వాడి చొక్కాకీ ఒకటి వేలాడుతూనే ఉండి ఉంటుంది.

నేను చూశాను. అది మా పాప పెద్దమ్మకి చేసింది. దారాలు నేను పేనాను, బొత్తాం మాత్రం తనే పెట్టాలని ఏడ్చింది. ప్లామెన్ పాత చొక్కానుంచి నాలుగు చిల్లుల పెద్ద బొత్తాం కత్తిరించి ఇచ్చాను. అది దారం మధ్యలో వంకరగా, బొమ్మకి ఒంటికన్నులా ఉంది. ఒకటో తారీఖు సాయంత్రం మా వంటింట్లోనే అక్కకి గుచ్చింది. అక్క దాన్ని ఇంట్లో వేసుకునే ఆ బూడిదరంగు స్వెట్టరుకే ఉంచింది. ఆ స్వెట్టరుతో గుమ్మం దాటలేదు.

ఆ సాయంత్రం ఎవరు ఫోటో తీశారో నాకు గుర్తు చేసుకోవలసిన పని లేదు. "ఇటు చూడు వదినా" అన్నాడు. అక్క ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునేలోపే తీసేశాడు. ఫోటోలు వద్దంటే అక్క ఎదుటే తుడిచేసినట్టు ఫోను చూపించి, చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు. పాప పడి పడి నవ్వింది.

గరిటె బకెట్లో పడేసి, పాపను ఎత్తుకుని పైకి వచ్చాను.

మధ్యాహ్నం ప్లామెన్ భోజనానికి వచ్చేసరికి పాప నిద్రపోయింది. నేను చిక్కుడుగింజల చారు వేడిచేసి పెట్టాను. బ్రెడ్డు కోసి పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. అడగాలనుకున్న మాట నాలిక మీదే ఉంది, కానీ ఉప్పు సరిపోయిందా అని అడిగాను. సరిపోయిందన్నాడు. కింద కొవ్వొత్తి ఎవరిదని అడిగాడు. ఆ అడగడంలో ఏదో తేడా ఉంది. తలుపు మీద అక్క ఫోటో ఇంకా మిగిలే ఉంది, దాని గురించి అడగాలి కదా ముందు.

"అక్క ఫోటో ఎవరికిచ్చావు?" అన్నాను.

"ఏ ఫోటో?"

"మార్తెనిత్సా ఉన్నది."

బ్రెడ్డు చారులో ముంచుతూ నవ్వాడు. "మార్చిలో ఊరంతా అవి పెట్టుకునే తిరుగుతుంది నెవెనా. ఊరందరి ఫోటోలూ నేనే తీశానా?"

"ఊరంతా నీ చొక్కా బొత్తాం పెట్టుకోలేదు."

ముంచిన బ్రెడ్డు ముంచినట్టే విడిచేశాడు. అది చారులో నాని విడిపోయేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

తర్వాత చెప్పాడు. నేను అడిగింది కొంచెమే, అతను చెప్పిందే ఎక్కువ. ఎన్నాళ్ళనుంచో ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నట్టు చెప్పాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళే ఆఫీసు, జర్మన్లకి ఫోన్లో పరుపులు అమ్మే ఆఫీసని నాతో చెప్పినది, పరుపులది కాదు. ఆస్ట్రియాలో పళ్ళతోటల్లో నేర్చుకున్న జర్మన్‌తో ముసలివాళ్ళకి ఫోన్లు చేస్తాడు. అక్కడ అతని పేరు లూకాస్. మీ పొదుపు పెంచుతాను అంటాడు. వాళ్ళు మనవల గురించి చెబుతారు, మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతారు, అతను వింటాడు. విన్నాక డబ్బు పంపిస్తారు. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు మధ్య అతను మెత్తగా ఎవరినో లాలిస్తున్నట్టు మాట్లాడుకుంటుంటే నేను తలుపు బయట నిలబడి, జర్మన్ ఎంత కష్టపడి సాధన చేస్తున్నాడో అనుకునేదాన్ని.

"పరుపులు ఎప్పుడైనా అమ్మావా?" అన్నాను.

"మొదటి నెల."

నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు నోట్లోనే ఏదోలా అయిపోయింది.

ఎవరి జేబులోనూ తను చెయ్యి పెట్టలేదని, మాట్లాడటం ఒక్కటే తన పని అని అన్నాడు. ఫోటో సంగతి అడిగితే బల్లకేసి చూశాడు. అతని పై అధికారి స్తోయికోవా మేడమ్ ఒకరోజు కాఫీ మిషను దగ్గర అడిగిందట, నీ భార్య ఇంటిపేరు దియాకోవా కదా అని. ఉద్యోగంలో చేరినప్పుడు ఇంటి అడ్రసూ, ఇంట్లోవాళ్ళ పేర్లూ అన్నీ రాసిచ్చాడు. అక్క మా ఇంట్లో ఉందా లేదా, ఒక ఫోటో చాలు అందట. అది చూశాక ఇంకేమీ అడగదట.

"బెదిరించిందా?"

"లేదు. నవ్వుతూ అడిగింది." ప్లామెన్ చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "నువ్వు ఆవిడ నవ్వు వినలేదు నెవెనా. ఆవిడ నవ్వుతూ అడిగితే మా ఆఫీసులో ఎవరూ కాదనరు."

అతని ఫోను బల్లమీద, ఉప్పుడబ్బా పక్కన ఉంది. నేను తీసుకున్నాను. అతను వద్దనలేదు. ఆఫీసు కబుర్లన్నీ దాంట్లోనే ఉన్నాయని మాత్రం అన్నాడు, అడక్కుండానే.

అప్పుడే తాళం తిరిగిన చప్పుడైంది. అక్క వచ్చింది. పోలీసు స్టేషన్లో కుర్రాడెవరో, పోయినవాళ్ళ తరఫున ఫిర్యాదు చేసేది మీరేనా అన్నాడని చెబుతూ బూట్ల దారాలు విప్పుతోంది. నేను నడవలోకి వెళ్ళి, ఆమె తల ఎత్తకముందే చెప్పేశాను. ఫోటో పంపింది ప్లామెన్. ఆ ముఠాలోనే పనిచేస్తున్నాడు. గోడకి ఆనుకున్నాను.

అక్క రెండో బూటు దారం కూడా విప్పింది.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"వాడు అక్కడ పనిచేస్తున్నాడని."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఇక్కడికి రాకముందునుంచి." ఇప్పుడు తల ఎత్తింది. జర్మనీలో ఒక ముసలావిడ తనని మోసం చేసినవాడి మాటలు రికార్డు చేసి పంపిందట. లూకాస్ అనేవాడు ఆవిణ్ణి తోటపని గురించి అడుగుతున్నాడట. అక్క అది విని మళ్ళీ విన్నదట. మా పెళ్ళినాడు గ్లాసు పట్టుకుని లేచి నిలబడి, నన్ను జీవితంలో ఏడిపించనని అందరి ముందూ మాటిచ్చిన గొంతు అది.

"నువ్వు భయపడి వచ్చావనుకున్నాను నేను."

"భయపడే వచ్చాను. వాడికోసమూ వచ్చాను. రెండూ నిజమే నెవెనా."

వంటింటి గుమ్మంలో ప్లామెన్ నిలబడి ఉన్నాడు. అక్క నన్ను దాటి అతనితో మాట్లాడటం మొదలుపెట్టింది. సాక్షిగా ముందుకొస్తే అతని పేరు రాయనంది. లోపలి మనిషి ఒక్కడు నోరు విప్పితే ఆ మేడమ్‌ని కోర్టుదాకా లాగొచ్చంది. అతను తల అడ్డంగా ఊపుతూ, నీకు వాళ్ళ సంగతి తెలీదు వదినా, నువ్వు రాసి సోఫియా వెళ్ళిపోతావు, మేం ఇక్కడే ఉండాలి అంటున్నాడు. ఈ మాట మీద ఇంతకుముందే చాలాసార్లు నడిచినవాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. నేను లేనప్పుడు, నేను పాపను పార్కుకి తీసుకెళ్ళినప్పుడు, ఈ వంటింట్లోనే ఇదే మాట నడిచిందని నాకు అప్పుడు అర్థమైంది. అతనికీ తెలుసు, ఆమెకి తెలుసని. ఇద్దరూ నా ఎదుట ఒకే పళ్ళెంలో రొట్టె తుంచుకుని తిన్నారు.

"ఆ ఫోను ఇలా ఇవ్వు," అంది అక్క. "మొత్తం కేసు దాంట్లో ఉంది."

"నాకివ్వు నెవెనా. అది లేకుండా ఇప్పుడు ఆఫీసుకి తిరిగి వెళితే ఏమవుతుందో నీకు తెలీదు," అన్నాడు ప్లామెన్.

రెండు చేతులు చాచి ఉన్నాయి నావైపు. ఎవరికిచ్చినా పోయేది నా ఇల్లే. పాప నిద్రలో ఏదో గొణిగింది. ఆ గొణుగుడు విని ఇద్దరిలో ఒక్కరైనా గదివైపు చూస్తారేమోనని చూశాను. ఇద్దరూ ఫోనునే చూస్తున్నారు.

గదిలోకి వెళ్ళి పాపను దుప్పటితో సహా ఎత్తుకున్నాను. కోటు కొక్కేనికే ఉండిపోయింది, మెడకి గుడ్డ మాత్రం చుట్టుకున్నాను. ఇద్దరి తాళంచెవులూ మేకునుంచి తీసుకుని బయటికి వచ్చి, తాళం రెండుసార్లు తిప్పాను. మా తలుపు పాతది, అలా తిప్పితే లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోదు. లోపలినుంచి అక్క పిలిచింది. తర్వాత అతను తట్టాడు, మెల్లగా, పాప లేస్తుందేమో అన్నట్టు. త్సోంకా ముసలమ్మ తలుపు సందులోంచి తొంగిచూసి, ఇప్పుడెవరు పోయారే అని అడిగింది. ఎవరూ పోలేదు పిన్నీ అని దిగిపోయాను.

ఎక్కడికి వెళ్ళాలో అనుకోలేదు. బండిలో పాపను పడుకోబెట్టి, ఫోను ఆమె కాళ్ళ దగ్గర దుప్పటిలో దూర్చి, బ్లాకుల మధ్య బాటలో తోసుకుంటూ పోయాను. ఫోను పోలీసులకిస్తే అతను జైలుకి. నదిలోకి విసిరితే అక్క మళ్ళీ ఒంటరిగా, ఈసారి నిజం చావు కాగితంతో. పాప లేచి కూర్చుని పావురాలని లెక్కపెడుతున్నట్టు వేలు చూపిస్తోంది. నదిమీంచి గాలి కోస్తోంది. చక్రం ఒకటి కిర్రుమంటోంది, రెండు వారాలుగా నూనె వెయ్యమంటే వెయ్యలేదు అతను అని, అంత గొడవలోనూ నాకు కోపం వచ్చింది.

దుప్పటిలో ఫోను మోగింది.

ఆగిపోయేదాకా ఉంటే సరిపోయేది. మళ్ళీ మోగింది. పాప తీసి, చెవి దగ్గర పెట్టుకోబోయింది. లాక్కున్నాను.

"నెవెనా," అంది ఒక ఆడగొంతు. అడగలేదు, పిలిచింది. మా అమ్మ వయసు గొంతు. "పిల్లకి టోపీ ఏదీ? ఈ గాలికి చెవులు పట్టేస్తాయి."

బండి ఆపాను. చుట్టూ బ్లాకులు, అన్నీ మా బ్లాకులాంటివే. అద్దాలు బిగించిన బాల్కనీలు, వరసలు వరసలు, అన్నిట్లోనూ ఆకాశమే కనబడుతోంది. ఆరేసిన బట్టల వెనక ఎవరైనా ఉండొచ్చు. పొద్దున కొవ్వొత్తి పెట్టిన చెయ్యి కూడా అక్కడే ఎక్కడో ఉండొచ్చు.

"ఫోను మీ అక్కకి ఇవ్వలేదు, మంచి పని చేశావు," అంది ఆవిడ. "మీ ఆయనకీ ఇవ్వలేదు, అది ఇంకా మంచి పని. మగవాళ్ళతో, చదువుకున్నవాళ్ళతో నాకు విసుగు. తల్లితో అయితే ఒక్క మాటలో తేలిపోతుంది."

అని నవ్వింది. నిజంగానే మంచి నవ్వు. ప్లామెన్ ఎందుకు కాదనలేకపోయాడో నాకు తెలిసిపోయింది.

ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకున్నాను. నా మెడకున్న గుడ్డ విప్పి పాప తలకి చుట్టాను. గడ్డం కింద ముడి వేశాను, జారిపోకుండా ఇంకో ముడి వేశాను. తొందరపడలేదు. ఏ కిటికీలోంచి చూస్తోందో గానీ, బాగా చూడనీ అనుకున్నాను.

"వినబడుతోంది," అన్నాను. "ఏం కావాలో చెప్పండి."